పక్కవాద్యం పేరు జేమ్స్ బర్టన్

1990ల చివర్లో నేను కాకినాడలో గిటార్ నేర్చుకుంటున్నప్పుడు మా స్నేహితుడి అన్నయ్య దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. పాత అమెరికన్ పాటలన్నీ ఎవరో వరసగా ఎక్కించి ఇచ్చారు. అట్ట మీద నీలం పెన్నుతో పాటల పేర్లు, వాటి పక్కన పాడినవాళ్ళ పేర్లు. అందులో ఒకటి రికీ నెల్సన్ పాడిన "హలో మేరీ లూ". పాట మామూలుగానే సాగుతుంది. మధ్యలో ఒక గిటార్ బిట్ వస్తుంది. అర నిమిషం కూడా ఉండదు. ఆ బిట్ కోసం క్యాసెట్‌ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో, చివరికి ఆ చోట టేపు నలిగిపోయి శబ్దం వణకడం మొదలైంది.

స్వరాలన్నీ పట్టుకున్నాను. వరసగా వాయిస్తే అవే స్వరాలు, కానీ ఆ బిట్ కాదు. క్యాసెట్‌లో ఒక స్వరం కింద మొదలై, మధ్యలో ఎక్కడా మెట్టు లేకుండా పైకి జారి, అక్కడ మెరిసి, కిందికి దిగేది. నా గిటార్ మీద అదే చోట తీగని పక్కకి తోస్తే కదిలేది కాదు. వేళ్ళ కొసలు పగిలాయి. మా పిన్ని పెళ్ళికి ముందు ఆరేళ్ళు వీణ నేర్చుకుంది. ఒకరోజు వంటింట్లోంచి వచ్చి, "నొక్కితే రాదురా అది, లాగాలి. మేం వీణ మీద లాగట్లేదూ?" అంది. "లాగుతూనే ఉన్నాను పిన్నీ, తీగ రావట్లేదు" అన్నాను. తను గోటితో మీటి చూసి, "ఇంత లావు తీగ ఎవరు లాగుతారు? ఆ వాయించినాయన తీగ ఇది కాదు" అని వెళ్ళిపోయింది.

పిన్ని చెప్పింది అక్షరాలా నిజమని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1950ల్లో అమెరికాలో దొరికే గిటార్ తీగలు లావుగా ఉండేవి. మూడో తీగకి కూడా పైన చుట్టు తీగ ఉండేది. దాన్ని లాగడం దాదాపు అసాధ్యం. ఆ బిట్ వాయించిన కుర్రాడు పైన నాలుగు తీగలూ తీసేసి బ్యాంజో అనే ఇంకో అమెరికన్ వాద్యం తీగలు వేసుకున్నాడు. బ్యాంజో తీగలు సన్నం, వేలికి లొంగుతాయి. 1962లో ఎర్నీ బాల్ అనే ఆయన కాలిఫోర్నియాలో సన్న తీగల సెట్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఈరోజు ఎలక్ట్రిక్ గిటార్ కొంటే చాలావరకు ఆ రకం తీగలే వస్తాయి. దుకాణంలో సెట్టు దొరకకముందే, తనకి కావలసిన శబ్దం కోసం పక్క వాద్యం తీగలు తెచ్చి బిగించుకున్న ఆ కుర్రాడి పేరు జేమ్స్ బర్టన్. మా క్యాసెట్ అట్ట మీద ఆ పేరు లేదు. క్యాసెట్ ఎక్కించినవాళ్ళని అనడానికి లేదు, 1961లో వచ్చిన అసలు రికార్డు లేబుల్ మీదా ఆ పేరు లేదు.

నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. పాటలో పక్కవాద్యం వాయించినవాడు చేసేది కూడా రచనే. దాన్ని కూలి పనిగా లెక్కగట్టి, పేరు వదిలేసి, డబ్బులిచ్చాం కదా అనడం అన్యాయం. ఈ మాటని ఊరికే అంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే బర్టన్ జీవితం చెబుతాను.

ఆయన 1939 ఆగస్టు 21న లూసియానా రాష్ట్రంలో డబర్లీ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెరిగింది దగ్గర్లోని ష్రీవ్‌పోర్ట్‌లో. గురువు లేడు. రేడియోలో వచ్చే కంట్రీ (అమెరికా పల్లెల బాణీ), బ్లూస్ (అక్కడి నల్లవాళ్ళ బాణీ) పాటలు విని నేర్చుకున్నాడు. పదమూడేళ్ళప్పుడు ఊళ్ళో సంగీత వాద్యాల దుకాణం అద్దంలో ఫెండర్ టెలికాస్టర్ గిటార్ చూసి మనసు పారేసుకుంటే అమ్మానాన్నలు కొనిపెట్టారు. అప్పటికి ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చి రెండు మూడేళ్ళే. ఆ తర్వాత జీవితమంతా ఆయన చేతిలో ప్రధానంగా ఉన్నది టెలికాస్టరే.

ష్రీవ్‌పోర్ట్‌లో కేడబ్ల్యూకేహెచ్ అనే రేడియో స్టేషన్ ఉండేది. 1948 నుంచి ప్రతి శనివారం రాత్రీ అక్కడి మునిసిపల్ ఆడిటోరియంలో "లూసియానా హేరైడ్" అనే కంట్రీ సంగీత కార్యక్రమం జరిపి ప్రసారం చేసేవాళ్ళు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ కొత్త కుర్రాడిగా పాడింది అక్కడే. బర్టన్ బడికెళ్ళే వయసులోనే ఆ కార్యక్రమం బృందంలో చేరాడు. వారానికొక కొత్త గాయకుడు వస్తాడు, కొత్త పాట తెస్తాడు, ఇతను విని, గాయకుడికి ఎక్కడ ఊపిరి కావాలో చూసి, అక్కడ గిటార్ పెట్టాలి. పాట మీద పడకుండా పాటని మోయడం ఎలాగో పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో నేర్చుకున్నాడు.

ఆయన వేళ్ళ గురించి కాస్త చెప్పాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య మామూలు పిక్, అంటే తీగ మీటే చిన్న బిళ్ళ, పట్టుకుంటాడు. మధ్యవేలికి బ్యాంజో వాయించేవాళ్ళు తొడుక్కునే వేలి పిక్ తొడుగుతాడు. కింద తీగ మీద బేస్ పిక్‌తో, పై తీగ మీద పాట మధ్యవేలితో. రెండూ ఒకేసారి. మధ్యమధ్యలో తీగని మీటిన మరుక్షణం నొక్కేస్తాడు, శబ్దం పుట్టీ పుట్టగానే తెగిపోతుంది. కోడి పెరట్లో గింజలు ఏరుకుంటూ కొక్కొక్కొ అన్నట్టు ఉంటుంది. దానికి పేరే చికెన్ పికింగ్. నెమ్మదిగా వింటే ప్రతి స్వరానికీ మొదలూ చివరా రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయని తెలుస్తుంది. చాలామంది గిటారిస్టులు స్వరం ఎప్పుడు మొదలుపెట్టాలో ఆలోచిస్తారు. ఎప్పుడు ఆపాలో అంతకంటే ఎక్కువ ఆలోచించినవాడు బర్టన్.

టీనేజ్‌లోనే ఆయన ఒక గిటార్ రిఫ్ కట్టాడు. రిఫ్ అంటే పాటంతా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ పల్లవి అనుకోండి. మాటల్లేని ముక్క. డేల్ హాకిన్స్ అనే స్థానిక గాయకుడి బృందంతో క్లబ్బుల్లో దాన్ని వాయించేవాడు. హాకిన్స్ దాని మీద మాటలు పెట్టాడు. 1957లో ఆ రేడియో స్టేషన్‌లోనే రికార్డు చేశారు. షికాగోలోని చెస్ కంపెనీ వాళ్ళు తమ చెకర్ లేబుల్ మీద విడుదల చేశారు. అదే "సూజీ క్యూ". హిట్టయింది. 1968లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం అదే పాటని ఎనిమిది నిమిషాలకి పైగా సాగదీసి వాయించి పేరు తెచ్చుకుంది. ఆ పాట విన్నవాళ్ళకి మాటలు గుర్తుండవు, గుర్తుంచుకోడానికి అందులో పెద్దగా మాటలూ లేవు. గుర్తుండేది ఆ రిఫ్ ఒక్కటే.

ఇప్పుడు రచయితల పేర్లు చూడండి. డేల్ హాకిన్స్. సరే, మాటలు పెట్టాడు, పాడాడు. రెండో పేరు స్టాన్ లూయిస్. ఈయన ష్రీవ్‌పోర్ట్‌లో రికార్డుల దుకాణం యజమాని, పాట చెస్ కంపెనీ దాకా చేరడానికి సాయపడిన మనిషి. మూడో పేరు ఎలెనార్ బ్రాడ్‌వాటర్. ఈమె నాష్‌విల్‌లో జీన్ నోబుల్స్ అనే పేరున్న రేడియో డీజే భార్య. అంటే పాట అమ్మే చోట ఉన్న మనిషికీ, పాట వినిపించే చోట ఉన్న మనిషి ఇంటివాళ్ళకీ రచయితల వాటా దక్కింది. ఏ రిఫ్ లేకపోతే ఆ పాటే లేదో, ఆ రిఫ్ కట్టిన పదిహేడేళ్ళ కుర్రాడి పేరు మాత్రం ఆ జాబితాలో లేదు.

దీన్ని ఒక తప్పుగా, ఆ కాలపు మోసంగా చెప్పి వదిలేయొచ్చు. అప్పట్లో రేడియోలో పాట తిప్పడానికి ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు మామూలే. నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే విషయం. ఆ చివరి రెండు పేర్లూ పెట్టకుండా నిజాయితీగా రాసినా బర్టన్ పేరు వచ్చి ఉండేదని నాకు నమ్మకం లేదు. ఎందుకంటే "పాట" అంటే మాటలు, గాయకుడు పాడే వరస, అంతే అని అందరి లెక్క. గిటార్ వాయించినది పాట కిందకి రాదు, "వాయిద్యం" కిందకి వస్తుంది. వాయిద్యానికి రోజు కూలి ఉంటుంది. అమెరికాలో ఈరోజుకీ మామూలు రేడియోలో పాట వేస్తే రచయితకి డబ్బు వెళ్తుంది, పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ వెళ్ళదు. కాబట్టి రచయిత అన్న ఒక్క మాట దగ్గరే అంతా ఆగింది.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, మా ఆఫీసులోనే ఒక పెద్దాయన అన్నాడు. "ఇల్లు కట్టిన తాపీమేస్త్రీకి కూలి ఇస్తాం, ఇంటి మీద పేరు రాస్తామా?" అని. నేను చాలా రోజులు ఆలోచించాను. తాపీమేస్త్రీ ఎవరో గీసిన ప్లాన్ చూసి కడతాడు (ఆయన పనితనం మీద నాకు చాలా గౌరవం, అది వేరే సంగతి). రికార్డింగ్ గదిలో బర్టన్ ముందు ప్లాన్ లేదు. "ఇక్కడ ఎనిమిది బార్లు ఖాళీ ఉంది, ఏదైనా వాయించు" అంటారు (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది). ఆ "ఏదైనా" అన్నది ఎవరు తయారుచేశారు? పాట రాసినాయన కాదు, పాడినాయన కాదు, ప్రొడ్యూసర్ కాదు. ఆ క్షణంలో అక్కడ స్టూలు మీద కూర్చున్న గిటారిస్టు తన బుర్రలోంచి తీశాడు. అది కల్పన కాకపోతే ఇంకేమిటి?

1957లో బర్టన్ బాబ్ లూమన్ అనే గాయకుడి బృందంతో లాస్ ఏంజిలస్ వెళ్ళాడు. అక్కడ రికీ నెల్సన్ వాళ్ళ వాయిద్యం విన్నాడు. రికీ అప్పటికే దేశమంతా తెలిసిన కుర్రాడు. వాళ్ళ అమ్మా నాన్నా అన్నయ్యా అందరూ కలిసి నటించే "ది అడ్వెంచర్స్ ఆఫ్ ఓజీ అండ్ హ్యారియట్" అనే టీవీ కార్యక్రమం వారం వారం వచ్చేది. చివర్లో రికీ ఒక పాట పాడేవాడు. బర్టన్‌ని పిలిపించుకున్నాడు. కొంతకాలం వాళ్ళ ఇంట్లోనే ఉంచుకున్నారు. మొదట్లో రికార్డులకి లీడ్ గిటార్ జో మేఫిస్ అనే సీనియర్ వాయించేవాడు, బర్టన్ పక్కన రిథమ్ పట్టేవాడు. 1958లో "బిలీవ్ వాట్ యూ సే" పాటతో లీడ్ ఆయన చేతికొచ్చింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళు.

అక్కణ్ణుంచి 1960ల మధ్య వరకూ రికీ నెల్సన్ పాటల్లో గిటార్ అంటే బర్టన్. "హలో మేరీ లూ" బిట్ సంగతి మళ్ళీ చెప్పకుండా ఉండలేను. పాట రాసినవాడు జీన్ పిట్నీ. 1961లో "ట్రావెలిన్ మ్యాన్" రికార్డు వెనక వైపు వచ్చింది. ఆ బిట్‌ని ఈరోజు నేను వాయించగలను. వాయిస్తున్నప్పుడు తెలిసింది ఏమిటంటే, అందులో వేగం లేదు. గొప్ప పరుగులు లేవు. పాట వరసనే మొదట పలకరించి, తర్వాత ఒక తీగని లాగి ఇంకో తీగ మీద స్వరం కలుపుతాడు. లాగిన తీగ పైకి చేరుకుంటుంటే రెండో తీగ అక్కడే నిలబడి ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. పిన్నికి మొదటిసారి సరిగ్గా వాయించి వినిపించినప్పుడు "ఇప్పుడు పలికింది" అంది. సన్న తీగలు వేసుకున్నాక రెండు రోజుల్లో వచ్చింది నాకది. అప్పటిదాకా రెండేళ్ళు నా వేళ్ళనే తిట్టుకున్నాను.

అవతల ఇంగ్లండ్‌లో కుర్రాళ్ళు ఈ రికార్డులు తెప్పించుకుని వింటున్నారు. తాను కొన్నది రికీ నెల్సన్ రికార్డులు కాదనీ జేమ్స్ బర్టన్ రికార్డులనీ రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ తర్వాత చెప్పాడు. నాకు ఈ మాట చాలా ఇష్టం. లేబుల్ మీద లేని పేరుని చెవితో చదివిన మనిషి మాట అది.

1964లో "షిండిగ్" అనే టీవీ కార్యక్రమం బృందంలో చేరాక ఆయనకి స్టూడియో పిలుపులు పెరిగాయి. 1965లో బాబ్ డిలన్ తన కొత్త ఎలక్ట్రిక్ బృందానికి రమ్మని అడిగితే, చేతినిండా పని ఉండి వెళ్ళలేకపోయానని బర్టన్ తర్వాత చెప్పుకున్నాడు. లాస్ ఏంజిలస్‌లో స్టూడియో వాద్యకారుల యూనియన్ లెక్క ప్రకారం ఒక సెషన్ అంటే మూడు గంటలు. ఒక సెషన్ ముగించి, గిటార్ కారులో పడేసి, ఇంకో స్టూడియోకి. ఈ గదిలో కంట్రీ, ఆ గదిలో రాక్, సాయంత్రం ఏదో టీవీ ప్రకటన. మెర్ల్ హాగర్డ్ కాపిటల్ కంపెనీకి చేసిన గొప్ప కంట్రీ రికార్డుల్లో ఆయన గిటార్, డోబ్రో వినిపిస్తాయి. డోబ్రో అంటే లోహపు పళ్ళెం బిగించిన గిటార్, ఒళ్ళో పెట్టుకుని మీద లోహపు కడ్డీ జార్చి వాయిస్తారు. 1967లో బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ పాటలో డోబ్రో, 1972లో జోనీ మిచెల్ పాటలో ఎలక్ట్రిక్ గిటార్. మంకీస్, ఎవర్లీ బ్రదర్స్, జూడీ కాలిన్స్. ఆ రోజుల్లో ఆ నగరంలో తయారైన చాలా రికార్డుల అట్టల మీద స్టూడియో వాద్యకారుల పేర్లు వేసేవాళ్ళు కాదు. అట్ట మీద ఫొటోలో గిటార్ పట్టుకున్న కుర్రాడే వాయించాడని జనం అనుకుంటే కంపెనీలకి అదే మంచిది.

1969లో ఎల్విస్ ఫోన్ చేశాడు. అంతకుముందు ఏడాది ఆయన టీవీ కార్యక్రమానికి పిలిచారు కానీ బర్టన్ అప్పుడు ఫ్రాంక్ సినాత్రా రికార్డింగ్‌లో ఉన్నాడు. ఈసారి ఫోనులో గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఓజీ, హ్యారియట్ కార్యక్రమం చివరి పాటలో నువ్వు వాయించడం చూడ్డానికే టీవీ పెట్టేవాణ్ణని ఎల్విస్ తనతో అన్నాడని బర్టన్ చెప్పాడు. చాలా ఏళ్ళుగా జనం ముందు పాడని ఎల్విస్ లాస్ వేగస్‌లో మళ్ళీ వేదిక ఎక్కబోతున్నాడు. బృందం కూర్చే పని బర్టన్‌కి అప్పగించాడు. డ్రమ్స్‌కి రోనీ టట్, బేస్‌కి జెర్రీ షెఫ్, రిథమ్ గిటార్‌కి జాన్ విల్కిన్సన్, పియానోకి మొదట లారీ ముహొబెరాక్, తర్వాత గ్లెన్ డి. హార్డిన్. ఇదే టీసీబీ (టేకింగ్ కేర్ ఆఫ్ బిజినెస్) బ్యాండ్. 1969 జులై 31న ఇంటర్నేషనల్ హోటల్లో మొదటి ప్రదర్శన. అక్కణ్ణుంచి ఎనిమిదేళ్ళు, 1977 జూన్ 26న ఇండియానపొలిస్‌లో ఎల్విస్ చివరి కచేరీ వరకూ, ఆయన పక్కన గిటార్ బర్టన్‌దే అయింది.

ఆ కచేరీల రికార్డింగులు వినండి, వీలైతే వీడియో చూడండి. బర్టన్ చేతిలో గులాబీ రంగు మీద మామిడి పిందెల డిజైన్ ఉన్న టెలికాస్టర్. మన చీర అంచుల మీద ఉండే పిందెలే. అంత ఆర్భాటమైన గిటార్ వేదిక మీదికి తేవడానికి ఆయన మొదట జంకాడట, ఎల్విస్‌కి అది నచ్చింది. గిటార్ అలా మెరుస్తుంటే పట్టుకున్న మనిషి మాత్రం చెట్టులా కదలకుండా నిలబడి ఉంటాడు. ఇరవై వేలమంది అరుస్తున్నారు. ఎల్విస్ చెమటలు కక్కుతూ పాడుతున్నాడు. బిట్ వచ్చే చోటికి రాగానే తల తిప్పి, మైకులో, "ప్లే ఇట్, జేమ్స్" అంటాడు. అంతే. జేమ్స్ వాయిస్తాడు. ముఖంలో ఏ మార్పూ ఉండదు, వేళ్ళు మాత్రం వెళ్ళి ఎక్కడ పడాలో అక్కడ పడతాయి.

ఎల్విస్ ప్రతి కచేరీలోనూ మధ్యలో పాటలు ఆపి, బృందంలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పరిచయం చేసేవాడు. అప్పట్లో ప్రపంచంలో అంతకంటే పెద్ద గాయకుడు లేడు. పక్కవాళ్ళ పేర్లు చెప్పడం వల్ల ఆయన వెలుగు ఒక్క చుక్క కూడా తగ్గలేదు. పేర్లు చెబుతూ పోతే గాయకుడి స్థాయి పడిపోతుందనీ, జనానికి విసుగనీ అనేవాళ్ళకి నా జవాబు ఆ రికార్డింగులే. జనం "జేమ్స్" అనగానే కేకలు పెట్టేవాళ్ళు. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలిస్తే జనం కొడతారు.

ఇక్కడ ఇంకో మాట వినిపిస్తుంది. "అంత ప్రతిభ ఉన్నవాడు ముందుకొచ్చి స్టార్ కాలేకపోయాడు, పాపం." ఈ "పాపం" నాకు అస్సలు నచ్చదు. అదే లాస్ ఏంజిలస్ స్టూడియోల్లో అదే కాలంలో సెషన్ గిటారిస్టుగా ఉన్న గ్లెన్ క్యాంప్‌బెల్ గాయకుడై, 1967 తర్వాత పెద్ద స్టారయ్యాడు. దారి మూసుకుపోలేదు. బర్టన్ కూడా 1960ల చివర్లో స్టీల్ గిటార్ వాయించే రాల్ఫ్ మూనీతో కలిసి ఒక ఆల్బమ్, 1971లో సొంతంగా ఒక ఆల్బమ్ చేశాడు. మంచి ఆల్బమ్‌లే. కానీ విన్నప్పుడు నాకు అనిపించేది, ఆయన గిటార్ పక్కన ఒక గొంతుని వెతుక్కుంటోందని. ఆయన కళ అంతా ఆ గొంతుకి జవాబు చెప్పడంలో ఉంది. ఏ పాటైనా తీసుకోండి, గాయకుడు పదం పూర్తిచేశాక మిగిలే ఆ చిన్న ఖాళీలోకి ఎలా వస్తాడో, మళ్ళీ పదం మొదలయ్యే ముందు ఎలా తప్పుకుంటాడో గమనించండి. అది తెలిసిన మనిషి గాయకుడు కావాలని ఎందుకు కోరుకుంటాడు?

ఎల్విస్ దగ్గర ఉంటూనే ఆయన చేసిన ఒక పని కంట్రీ, రాక్ రెండింటినీ కలిపింది. గ్రామ్ పార్సన్స్ అనే యువకుడు ఆ రెండు సంగీతాలనీ ఒక్కటి చేయాలని పట్టుబట్టి, తన సొంత ఆల్బమ్‌కి ఎల్విస్ బృందాన్నే తెచ్చుకున్నాడు. బర్టన్, హార్డిన్, టట్. మొదటి ఆల్బమ్ 1973 జనవరిలో వచ్చింది. ఆ సెప్టెంబరులోనే పార్సన్స్ చనిపోయాడు, రెండోది ఆయన పోయాక 1974లో విడుదలైంది. అమ్ముడుపోలేదు. కానీ ఆ తర్వాత కంట్రీ రాక్ అని పిలిచిన ప్రతిదానిలోనూ ఆ రెండు ఆల్బమ్‌ల వాసన ఉంటుంది. వాటిలో పార్సన్స్‌తో గొంతు కలిపిన ఎమ్మీలూ హ్యారిస్ 1975లో సొంత బృందం పెట్టుకుంటే బర్టన్ అందులోనూ వాయించాడు. రెండిట్లో ఒకటి వదలాల్సి వచ్చినప్పుడు ఎల్విస్ వైపు ఉండిపోయాడు. ఆమె బృందంలో ఆయన స్థానంలోకి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆల్బర్ట్ లీ కూడా బర్టన్ రికార్డులు విని నేర్చుకున్నవాడే.

1977 ఆగస్టు 16న ఎల్విస్ పోయాడు. మర్నాడు మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కొత్త పర్యటన మొదలుకావాలి. ఆ తర్వాత బర్టన్ చాలా ఏళ్ళు జాన్ డెన్వర్ పక్కన వాయించాడు. 1987లో రాయ్ ఆర్బిసన్ ప్రత్యేక కచేరీకి వాయించాడు. ఆయన పేరుతో ఫెండర్ కంపెనీ 1990లో ఒక టెలికాస్టర్ మోడల్ తెచ్చింది. లేబుల్ మీద ఎక్కని పేరు గిటార్ మీద ఎక్కింది.

మన దగ్గర సంగతికొస్తాను. కర్ణాటక సంగీత కచేరీ ఆహ్వాన పత్రిక ఏదైనా తీసి చూడండి. గాత్రం ఎవరో వేస్తారు, కిందనే వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు అని వేస్తారు. కచేరీలో రాగం ఆలపించాక వయొలిన్‌కి వదులుతారు. తని ఆవర్తనంలో గాయకులు చేతులు కట్టుకుని కూర్చుని, తాళం వేస్తూ మృదంగం వింటారు. వయొలిన్‌ని పక్కవాద్యంగా పట్టిన చేతులే సొంత కచేరీలతో సభల్ని నింపిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మన విజయనగరంలోనే ఉండేవారు. పక్కవాద్యం అన్న మాటలో తక్కువతనం లేదు. పక్కన కూర్చున్న వాద్యం, అంతే. ఇంత చక్కటి ఆనవాయితీ చేతిలో ఉన్నవాళ్ళం, సినిమా పాట దగ్గరికొచ్చేసరికి దాన్ని ఎందుకు వదిలేశాం?

నా చిన్నప్పటి క్యాసెట్ల అట్టల మీద సంగీత దర్శకుడు, పాట రాసినవాళ్ళు, పాడినవాళ్ళు ఉండేవాళ్ళు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వేణువో గిటారో మనం పాటతో పాటు నోటితో పాడుకుంటాం. పెళ్ళిళ్ళలో ఆ బిట్ తప్పు వాయిస్తే వెంటనే పట్టేస్తాం. అది ఎవరు వాయించారో మాత్రం తెలియదు. అక్కడ బిట్ చాలావరకు సంగీత దర్శకుడే రాసి ఇస్తాడు, బర్టన్‌కి ఉన్నంత స్వేచ్ఛ ఉండదు, ఒప్పుకుంటాను. అయినా పలికించింది ఒక మనిషే కదా. ఏఆర్ రెహమాన్ వచ్చాక తన ఆల్బమ్‌లలో వాద్యకారుల పేర్లు వేయడం మొదలుపెట్టాడు. నవీన్ వేణువు అని మామూలు శ్రోతలు కూడా అనడం అలాగే మొదలైంది.

పేరు అంటే కీర్తి కోసం పాకులాట అనుకోకండి. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు పాట రాసినవాళ్ళకీ సంగీత దర్శకులకీ రాయల్టీ మీద హక్కు గట్టిపడింది. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు కూడా ఆ చట్టంలో "పెర్ఫార్మర్" కిందికి వస్తారు. కానీ ఆ నిర్వచనానికే ఒక షరతు తగిలించారు. సినిమాలో ఒకరి పాత్ర ఏదో పైపైన ఉండి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో గానీ ఎక్కడా గానీ వాళ్ళ పేరు వేయకపోతే, తమ పనిని చెడగొడితే అడ్డుకునే హక్కు తప్ప, మిగతా విషయాల్లో ఆ మనిషిని పెర్ఫార్మర్‌గా లెక్కపెట్టరు. పాటకి ప్రాణం పోసిన గిటార్‌ని "పైపైన" అని ఎవరంటారు అని నేను అడుగుతాను. అయితే పేరు వేయకపోవడమే ఆనవాయితీ అయిన చోట వాదన సగం ఓడిపోయి మొదలవుతుంది. పేరు వేయకపోవడమన్న అలవాటు మెల్లగా హక్కు లేకపోవడంగా గడ్డకడుతుంది. 1957లో ష్రీవ్‌పోర్ట్‌లో జరిగింది కూడా అదే.

బర్టన్ విషయంలో లెక్క కొంతవరకు ఆలస్యంగా సరిపెట్టారు. 2001లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పక్కవాద్యకారుల విభాగంలో చేర్చుకున్నారు. పరిచయం చేసింది కీత్ రిచర్డ్స్. 2024లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక చేశారు, అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. ష్రీవ్‌పోర్ట్ మునిసిపల్ ఆడిటోరియం ముందు ఎల్విస్ విగ్రహం ఉంది. గిటార్ పట్టుకున్న బర్టన్ విగ్రహమూ అక్కడే ఉంది. "సూజీ క్యూ" రచయితల పేర్లు మాత్రం అవే మూడు.

నేను డిగ్రీ రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో రెండేళ్ళు గిటార్ వాయించాను. వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు. ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా మైకులో మా పేర్లు వినలేదు. "మా వాద్య బృందం" అనేవాళ్ళు. అప్పుడు అది తప్పనిపించలేదు. అదే నాకు ఇప్పుడు బాధగా ఉంటుంది.

పోయిన మాఘమాసంలో రాజమండ్రిలో మా పెద్దనాన్న మనవరాలి పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళాను. వేదిక మీద ఆర్కెస్ట్రా. యాంకర్ అమ్మాయి పాడేవాళ్ళని ఒక్కొక్కరినీ బిరుదులతో పిలుస్తోంది. గిటార్ వాయించే అబ్బాయి కీబోర్డు వెనకాల, స్పీకర్ డబ్బా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. మంచి చెయ్యి. రెండు పాటల మధ్య దగ్గరికెళ్ళి "నీ పేరేంటి బాబూ?" అని అడిగాను. ఏమైనా తప్పు వాయించానా అన్నట్టు చూశాడు. చెప్పాడు. ఆ పేరు ఒక చీటీ మీద రాసి, మిగతా నలుగురివీ అడిగి రాసి, యాంకర్ అమ్మాయికి ఇచ్చి, "అమ్మా, ఇవి కూడా ఒకసారి చదువు" అన్నాను. చదివింది. భోజనాల దగ్గర్నుంచి కొంతమంది తల తిప్పి చూశారు, ముందు వరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అబ్బాయి తలెత్తలేదు, గిటార్ బిరడలు బిగించుకుంటూ ఉండిపోయాడు. తర్వాతి పాటలో బిట్ వచ్చింది. చివరి స్వరం దగ్గర తీగ లాగి, వదలాల్సిన చోట వదలకుండా, అక్కడే కాసేపు ఉంచాడు.